లోడరు కూత – కారణాలు
స్కిడ్ స్టీర్ లోడరు చక్రాలు పక్కకు తిరగవు; ఒక వైపువి నిలిచి రెండవ వైపువి నడిస్తే యంత్రమే ఈడ్చుకొని మళ్లుతుంది. కనుక మలుపులో టైర్లు కీచుమనడాన్ని మేము రోగంగా ఎంచము.

మేము భయపడేది హైడ్రాలిక్ పంపు కూతకే. ఆయిలు మట్టం తగ్గినా, పీల్చే గొట్టం బిగింపు వదులైనా లోనికి గాలి చొరబడి, ట్యాంకులో ఆయిలు నురగ కడుతుంది. నురగ లేనిదే కూత వినవస్తే ఫిల్టరు మూసుకొనిపోయిందనో, చలికి ఆయిలు చిక్కబడిందనో అనుమానించాలి. ఆయిలు వేడెక్కిన పిమ్మట కూత అణగితే చిక్కదనమే కారణం. అణగకున్నా నడిపితే, ఆవిరి బుడగలు చితుకుతూ పంపు లోహాన్నే కొరికివేస్తాయి.

ముందువెనుకలకు మార్చునప్పుడు టక్కుమంటే, తరచు చక్రాల గొలుసే వదులై ఉంటుంది. అయితే, ఎత్తిన బకెట్ చేతులకు ఆధారం బిగించనిదే వాటి క్రింద చేరి చెవి ఒగ్గరాదు.