కోరపన్ను ఇంకా రాలేదా? పదేళ్ళకే చూసుకుందాం



పన్ను మీద పన్ను ఉంటే అదృష్టమని మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు మురిసిపోతుంటారు. ఆ మాటతోనే చాలామంది పిల్లల్ని దంతవైద్యులకు చూపించడం వాయిదా వేస్తాం. కోరపన్ను విషయంలో మాత్రం ఆలస్యమైనకొద్దీ చికిత్స పెద్దదవుతుంది.

పై కోరపన్ను సాధారణంగా 11, 12 ఏళ్ళకు వస్తుంది. పక్క పళ్ళు అప్పటికే వచ్చేసి ఉంటాయి కాబట్టి, చోటు చాలకో, పన్ను వంకరగా తిరిగో ఎముకలోనే ఉండిపోవచ్చు. నూటికి ఒకరిద్దరిలో ఇలా జరుగుతుంది, ఆడపిల్లల్లో ఎక్కువ. నొప్పి ఉండదు కాబట్టి తెలియదు. కానీ లోపల ఇరుక్కున్న పన్ను పక్కనున్న ముందుపంటి వేరును కరిగించేయగలదు.

ఇంట్లో ఎలా తెలుస్తుంది?

తొమ్మిది, పదేళ్ళ వయసులో చేతులు శుభ్రంగా కడుక్కుని, పాల కోరపన్ను పైన, పెదవి వైపు చిగురును వేలితో తడిమి చూడండి. రెండు వైపులా చిన్న ఉబ్బు తగలాలి. ఒక వైపే తగిలినా, 13 ఏళ్ళకు కూడా పాలపన్ను కదలకపోయినా ఎక్స్‌రే తీయించాలి.

ఉన్న మార్గాలు

మొదటిది, సమయానికి పాలపన్ను తీసేయడం. 1988లో స్వీడన్ వైద్యులు ప్రచురించిన అధ్యయనంలో, 10 నుంచి 13 ఏళ్ళ పిల్లల్లో అంగిలి వైపు తిరిగిన 46 కోరపళ్ళలో 36 ఇలా దారికొచ్చాయి.

రెండవది, చిన్న శస్త్రచికిత్సతో పన్నును బయటపెట్టి, దానికి సన్నని గొలుసు అతికించి, క్లిప్పులతో నెమ్మదిగా కిందికి లాగడం. దీనికి చాలా నెలలు పడుతుంది. పెద్దవాళ్ళలో పన్ను ఎముకకు అతుక్కుపోయి కదలకపోవచ్చు.

మూడవది, పన్ను రాదనుకుంటే తీసేయడం, లేదా హాని లేకపోతే ఎక్స్‌రేలతో గమనిస్తూ వదిలేయడం.

చిగురు సంగతి అడగండి

పంటి చుట్టూ గట్టిగా, లేత గులాబీ రంగులో ఉండే చిగురే పంటికి కాపలా. దానికి పైన ఉండే ఎర్రని పొర మెత్తన. పెదవి వైపు ఉన్న పన్ను కోసం గట్టి చిగురును కోసి పారేస్తే, తర్వాత చిగురు జారి వేరు బయటపడవచ్చు. అందుకే చిగురును పక్కకు జరిపి కుట్టడమో, మళ్ళీ మూసి లోపలినుంచి లాగడమో చేస్తారు. అంగిలి వైపు అంతా గట్టి చిగురే కాబట్టి అక్కడ కిటికీలా తెరిచినా ఇబ్బంది తక్కువ. "పన్ను గట్టి చిగురులోంచే వస్తుందా డాక్టరుగారూ?" అని తప్పక అడగండి.

తోముతుంటే రక్తం వచ్చే చిగుళ్ళను ముందు బాగు చేసుకోవాలి. క్లిప్పులున్న పిల్లలు చక్కెరపొంగలి, లడ్డూ మానక్కర్లేదు. ప్రసాదం తిన్నాక నీళ్ళతో పుక్కిలించి, రాత్రి తీగల మధ్య చిన్న బ్రష్‌తో శుభ్రం చేసుకుంటే చాలు.

ఎక్కడికి వెళ్ళాలి?

ప్రాథమిక పాఠశాల పిల్లలు ముందు బడి దంతవైద్యశాలలో చూపించుకోవచ్చు. జాతీయ దంతవైద్య కేంద్రానికి ఫారర్ పార్క్‌లో రైలెక్కితే నేరుగా ఔట్రమ్ పార్క్‌లో దిగవచ్చు. వైద్యపరంగా అవసరమైన దంత శస్త్రచికిత్సకు మెడిసేవ్ వాడుకోవచ్చు, క్లిప్పులకు వాడనివ్వరు. రెండింటి ఖర్చూ విడివిడిగా ముందే రాయించుకోండి.

మీ ఇంట్లో పదేళ్ళ పిల్లలుంటే, వచ్చే బడి సెలవుల్లోపు ఒకసారి చిగురు తడిమి చూడండి.