పెంచిన తండ్రి: నవలయందును, మన బరంపురమునందును

అనుకొనని వేళ ఒక పసిబిడ్డ భారము మీదబడుట, ఒంటరిగా నున్న స్త్రీయో పురుషుడో ఆ బిడ్డకు సంరక్షణ వహించుట, ఆ బిడ్డ మూలమున పొరుగువారితో పరిచయము, పిదప ప్రేమ, తుదకు రక్తసంబంధము లేని నలుగురు ఒక కుటుంబమగుట - ఇది నేటి ప్రేమనవలలలో మిక్కిలి ప్రచారమందున్న ఇతివృత్తము. ఇట్టి నవలలు పెక్కింటిలో ఆ బిడ్డ నాయికానాయకులను కలుపు పెండ్లిపేరయ్యగా మాత్రమే మిగులుచున్నది. నా మతమున ఈ కథకు ప్రాణము ప్రేమలో లేదు. ఇతడే నా తండ్రియని బిడ్డ తానై చెప్పు ఘట్టమున గలదు.

బడా బజారు పరిసరములందు పెరిగినవారికి ఈ మాట వింత గాదు. పాత బరంపురమున రెండేండ్లకొకసారి చైత్రమాసమున బుఢీ ఠాకురాణి యాత్ర జరుగును. తెలుగునేల నుండి వచ్చి ఇచట స్థిరపడిన దేరా పట్టునేతగాండ్రకు పెద్ద దేశిబెహరా. ఆయన ఆ దేవికి తండ్రి. ఆయన ఆహ్వానముపై దేవిని ఆలయము నుండి దేశిబెహరా వీధిలోని తాత్కాలిక మందిరమునకు తోడ్కొని వత్తురు. అది ఆమెకు పుట్టినిల్లు. యాత్ర ముగియువఱకు రాత్రులందు ఘటములు వీధులు తిరుగును. మ్రొక్కుకొన్నవారు వేషములు వేయుదురు. పిమ్మట పుట్టింటికి వచ్చిన ఆడపడుచును సాగనంపినట్లే దేవిని ఆలయమునకు సాగనంపుదురు. ఇందు దత్తహోమము లేదు, దస్తావేజు లేదు. పిలుచుట, వచ్చుట, మరల పిలుచుట, బంధమంతయు ఇంతియే.

నేతగాడే తండ్రియైన కథ ఆంగ్ల నవలలోను గలదు. జార్జి ఎలియట్ అను పురుషనామముతో వ్రాసిన విదుషీమణి 1861లో ప్రకటించిన 'సైలస్ మార్నర్' అది. సైలస్ నారబట్టలు నేయువాడు. మిత్రుడు చేసిన ద్రోహమువలన ఊరు విడిచి, రావెలో గ్రామమున మగ్గమును, కూడబెట్టిన బంగారమును తప్ప మఱి దేనినీ ఎఱుగక పదునైదేండ్లు గడపెను. ఆ బంగారము దొంగలపాలయ్యెను. నూతన సంవత్సరపు ముందటి రాత్రి మంచులో తల్లి మరణింపగా, రెండేండ్ల పాప తెఱచియున్న తలుపు గుండ వచ్చి అతని పొయ్యియొద్ద పండుకొనెను. చూపు మందగించిన సైలస్ ఆ పసిడి కురులను జూచి పోయిన బంగారము తిరిగి వచ్చెనని భ్రమించెను!

ఆ పెంపకమును రచయిత్రి వర్ణించిన తీరు మగ్గము ఎఱిగినవారికి మఱింత రుచించును. పాప మగ్గపు పనికి అడ్డురాకుండ సైలస్ ఒక నారబట్టపేలికతో ఆమెను మగ్గమునకు కట్టివేయును. ఆ పిల్ల అతని కత్తెరనే దొరకబుచ్చుకొని పేలికను కత్తిరించి బయటికి పాఱిపోవును. శిక్షగా ఆమెను బొగ్గుల గదిలో పెట్టి, వెంటనే జాలిపడి తీసి, కడిగి, బట్టలు మార్చును. అతడు వెనుదిరిగిన క్షణముననే పాప నవ్వుచు మరల ఆ గదిలో దూరును. ఇక శిక్షలు లేవు. బిడ్డను పెంచుట తెలియని వానికి పొరుగింటి డాలీ విన్త్రోపు తోడుపడును. ఆ పిల్ల మూలముననే ఊరును, ఊరివారును అతనివారైరి.

పదునాఱేండ్లకు కన్నతండ్రి, ధనికుడగు గాడ్‌ఫ్రీ కాసు, భార్యతో వచ్చి బిడ్డను కోరును. ఎప్పీ కాదనును. ఆ కాదనుటయే ఈ నవలకు శిఖరము.

ఎప్పీ మన గంజాం జిల్లాలో పుట్టియుండినచో ఆమె స్థితి యేమి? పూర్వపు హిందూ ధర్మశాస్త్రము ననుసరించి, తల్లియో తండ్రియో ఇచ్చినగాని దత్తత చెల్లదు. ఆడపిల్లకు సాధారణముగా దత్తతయే లేదు. 1956 నాటి దత్తత చట్టము ఆడపిల్లకు త్రోవ తెఱచినది. కన్నవారెవరో తెలియని బిడ్డను న్యాయస్థానపు అనుమతితో సంరక్షకుడు దత్తతకిచ్చుటకు 1962 నాటి సవరణ వీలు కల్పించినది. అయినను 1890 నాటి సంరక్షకుల చట్టమున ఒక చక్కని మాట మునుపే యున్నది: మైనరు బిడ్డకు తెలిసి కోరుకొనగల వయస్సు వచ్చినచో న్యాయాధిపతి ఆ కోరికను గమనింపవచ్చును. బిడ్డ నోటిమాటకు చట్టమున చోటు దొరకినది.

వంగ నవలలు తెలుగువారికి పరాయివి గావు. 1910లో గ్రంథరూపమున వెలువడిన రవీంద్రుని 'గోరా'లో ఇట్టి పెంపకములు రెండు గలవు. 1857 తిరుగుబాటు నాడు మరణించిన ఐరిష్ స్త్రీ కన్న శిశువును ఆనందమయి కడుపున బుట్టినవానివలె పెంచినది. అనాథయగు సుచరితను పరేశబాబు పెంచెను. సుచరితపై తల్లి తోబుట్టువగు హరిమోహిని బంధుత్వపు హక్కు చూపి, తాను చెప్పిన సంబంధము చేసికొమ్మని నిర్బంధించును. ప్రేమకు అడ్డము ఎచటనుండి వచ్చెనో చూడుడు: పెంచినవారినుండి గాదు, రక్తసంబంధమునుండి!

ఎప్పీ తోటపని యెఱిగిన ఏరన్ విన్త్రోపును వివాహమాడును. అతడు డాలీ కుమారుడు. అయితే ఎప్పీ పెండ్లికి ముందే ఒక షరతు పెట్టినది: తాను తండ్రిని విడిచి రాదు. ఏరన్ సంతోషముగా నేతగాని యింటనే కాపురమునకు వచ్చెను. రచయిత్రి దీనికి పేరు పెట్టలేదు గాని, మన వాడుకలో ఇది ఇల్లరికము.