సూర్యుణ్ని బంధించే రిబ్బన్

సూరత్ మరమగ్గాల మీద తెలంగాణ నుంచి వలస వెళ్లిన నేతన్నలు తరాలుగా బతుకుతున్నారు. అదే నగరానికి పడమట, తాపీ నది సముద్రంలో కలిసేచోట హజీరా ఉంది. ఫ్రాన్స్‌లో కడుతున్న ఐటర్ ఫ్యూజన్ రియాక్టర్‌కు క్రయోస్టాట్‌ను అక్కడి ఎల్ అండ్ టీ కర్మాగారమే తయారు చేసింది. 3,850 టన్నుల స్టెయిన్‌లెస్ స్టీలు, దాదాపు 30 మీటర్ల ఎత్తు, అంతే వెడల్పు. రియాక్టర్‌ను తనలో ఇముడ్చుకుని శూన్యంలో ఉంచే పాత్ర అది. 2020 జూన్ 30న ఆఖరి భాగాలను ఘనంగా సాగనంపారు.

ఆ పాత్ర లోపలి అయస్కాంతాలదే అసలు కథ. 15 కోట్ల డిగ్రీల ప్లాస్మాను గోడలకు తగలకుండా ఆపేది వాటి క్షేత్రమే. ఐటర్‌లో వాడినవి నయోబియం మిశ్రమాల తీగలు. మైనస్ 269 డిగ్రీల దాకా చల్లబరిస్తేనే అవి సూపర్‌కండక్టర్లుగా మారి, నిరోధం లేకుండా కరెంటును మోస్తాయి.

1986లో జ్యూరిచ్ ఐబీఎం ప్రయోగశాలలో బెడ్నోర్జ్, ముల్లర్ అంత చల్లదనం అక్కర్లేని ‘అధిక ఉష్ణోగ్రత’ సూపర్‌కండక్టర్లకు దారి తెరిచారు. మరుసటి ఏడాదే ద్రవ నైట్రోజన్ చల్లదనానికి పనిచేసే ఇట్రియం, బేరియం, కాపర్ ఆక్సైడ్ దొరికింది. బెంగళూరులో సీఎన్‌ఆర్ రావు బృందం కూడా అప్పుడే దాన్ని పట్టుకుంది. కానీ అది పింగాణీ జాతి పదార్థం. వంచితే విరుగుతుంది. లోపలి రేణువులు కొద్ది డిగ్రీలు పక్కకు తిరిగినా కరెంటు పడిపోతుంది.

దారి చూపింది పూత: ఆ పదార్థాన్ని రిబ్బన్ లాంటి లోహపు టేపు మీద పూయడం. పట్టుచీర అంచుకు బలం లోపలి దారానిది, మెరుపు పైనున్న లోహానిది. ఈ టేపూ అంతే. బలమంతా అడుగునున్న నికెల్ మిశ్రమపు రేకుది. దానిమీద రేణువులన్నీ ఒకే దిక్కుకు తిరిగేలా అతి పలుచని పొరలు పరుస్తారు. ఆపైన ఒకటి రెండు మైక్రాన్ల సూపర్‌కండక్టర్, వెండి, రాగి. అన్నీ కలిపినా మందం పదోవంతు మిల్లీమీటరే!

2021 సెప్టెంబర్ 5న అమెరికాలో ఎంఐటీ, కామన్వెల్త్ ఫ్యూజన్ సిస్టమ్స్ ఈ టేపునే 267 కిలోమీటర్లు చుట్టి, 20 కెల్విన్ల దగ్గర 20 టెస్లాలు సాధించాయి. క్షేత్రం రెట్టింపైతే ఫ్యూజన్ శక్తి సాంద్రత 16 రెట్లు పెరుగుతుంది. అందుకే రియాక్టర్ చిన్నదవుతుంది.

చిక్కులు తీరలేదు. పాత తీగలో ఒకచోట సూపర్‌కండక్టివిటీ పోతే వేడి చకచకా పాకుతుంది, పరికరాలు పసిగడతాయి. ఈ టేపులో వేడి నెమ్మదిగా పాకుతుంది. మనకు తెలిసేలోపు ఆ ఒక్క చోటే కాలిపోవచ్చు. పొరలు ఊడిపోవడం, న్యూట్రాన్ల తాకిడికి పదార్థం దెబ్బతినడం మరో రెండు బెంగలు.

మనకు పునాది ఉంది. గాంధీనగర్ దగ్గర భాట్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థలో 1989 నుంచి ప్లాస్మాను అయస్కాంత క్షేత్రంతో బంధించే ‘ఆదిత్య’ టోకమాక్ యంత్రం నడిచింది. నయోబియం-టైటానియం అయస్కాంతాల ఎస్‌ఎస్‌టీ-1 టోకమాక్ 2013లో తొలి ప్లాస్మా చూపింది. అధిక ఉష్ణోగ్రత సూపర్‌కండక్టర్ల మీదా అక్కడ పని జరుగుతోంది. అయితే ప్రయోగశాల ముక్క వేరు, కిలోమీటర్ల పొడవున ఎక్కడా లోపం లేని టేపు వేరు. జపాన్, చైనా, అమెరికా సంస్థలు ఆ టేపును అమ్ముతున్నాయి. మనం కొనుక్కుంటూ కూర్చుంటే రేపటి రియాక్టర్‌కు పాత్ర మాత్రమే మనదవుతుంది.

టేపు పూతకు పూర్తిస్థాయి కర్మాగారాన్ని అణుశక్తి విభాగం ఇప్పుడే తలకెత్తుకోవాలి. వరంగల్, హైదరాబాద్, సూరత్‌లలో ఫిజిక్స్, మెటలర్జీ చదువుతున్న పిల్లలారా, భాట్‌లో పీహెచ్‌డీ ప్రకటన ఎప్పుడొస్తుందో కనిపెట్టుకుని ఉండండి.