‘ఎవరు చెప్పిండ్రు?’... రిపోర్టుకు ఇదే మొదటి పాఠం

‘‘ఈ 30 శాతం అనే అంకె మీకు ఎక్కడ దొరికింది?’’

నా మొదటి ఇంటర్వ్యూలో, ఫైనలియర్ ప్రాజెక్టు రిపోర్టు చూస్తూ అడిగిన ప్రశ్న ఇది. నా దగ్గర జవాబు లేదు. ఆ పేజీ సీనియర్ ఇచ్చిన సాఫ్ట్‌కాపీలోది. పేరు, రోల్ నంబర్ మార్చి బైండింగ్ చేయించాను. ఆ ఉద్యోగం రాలేదు. పదహారేళ్లు చదివినా, సొంతంగా ఒక రిపోర్టు రాయడం నాకు తెలియదని ఆ రోజే అర్థమైంది.

అది నేర్చుకున్నది మాత్రం చాలా ఆలస్యంగా, వరంగల్‌లోని ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో. ఐదో తరగతి పిల్లలకు శనివారాలు ‘మన ఊరి మీద రిపోర్టు’ రాయించడానికి వాలంటీర్‌గా వెళ్లాను. 2022లో యునెస్కో లెర్నింగ్ సిటీల నెట్‌వర్క్‌లో చేరిన నగరం మనది. ఇక్కడ నేర్చుకోవడానికి సరుకుకు కొదవ లేదు.

టాపిక్ కాదు, ప్రశ్న కావాలి

మొదటి వారం ‘రామప్ప గుడి’ అని టాపిక్ ఇచ్చాను. అందరూ పుస్తకంలోని పేరానే దించేశారు. రెండో వారం టాపిక్ ఇవ్వలేదు, ‘మీకు తెలియనిది ఒకటి అడగండి’ అన్నాను. ‘‘ఇటుక నీళ్లల్ల ఎట్ల తేలుతది సార్?’’ అన్నాడొకడు. ‘‘చపాటా మిర్చికి కారం తక్కువ కదా, మరి ఎందుకు కొంటరు?’’ అంది ఇంకో అమ్మాయి. ప్రశ్నకు జవాబు ఏ ఒక్క పేరాలోనూ రెడీగా ఉండదు కాబట్టి కాపీ కొట్టడం తగ్గింది.

నోట్‌బుక్‌లో మూడు గళ్లు

ప్రతి పేజీలో మూడు గళ్లు గీయించాం: ఏం తెలిసింది? ఎవరు చెప్పారు? ఇంకెవరైనా అదే చెప్పారా? పుస్తకం, పేపరు, గుడి దగ్గరి బోర్డు, మిర్చి పండించే తాత... అన్నీ ఆధారాలే. రామప్ప 1213 నాటిదని, 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిందని రెండుచోట్ల దొరికింది. రెండు టిక్కులు. చపాటాకు 2025లో జీఐ గుర్తింపు వచ్చిందని పేపర్లో, ముదురు ఎరుపు రంగు కోసం కొంటారని తాత దగ్గర దొరికింది.

చిక్కు ఎనుమాముల మార్కెట్ దగ్గర వచ్చింది. ‘ఇది ఆసియాలోనే పెద్ద మార్కెట్’ అని ఒక పిల్లాడు రాశాడు. వాళ్ల నాన్న అక్కడే హమాలీ.

‘‘ఎవరు చెప్పిండ్రురా?’’

‘‘అందరంటరు సార్.’’

నేనూ చిన్నప్పటి నుంచి అదే విన్నాను, అదే చెప్పాను. ఎప్పుడూ అడగలేదు. వారం తర్వాత వాడు తెచ్చిన వాక్యం ఇదీ: ‘ఇది ఆసియాలో పెద్ద మార్కెట్ అని మా నాన్న, ఆటో అన్న చెప్పారు. లెక్క ఎక్కడా దొరకలేదు.’ ఇంటర్వ్యూలో నేను చెప్పలేకపోయిన జవాబు అదే.

పుస్తకం మూసి చెప్పాలి

రాసే ముందు నోట్‌బుక్ మూసేసి, తెలుసుకున్నది పక్కవాడికి చెప్పాలి. అర్థం కాకపోతే పక్కవాడు ఆపుతాడు. ఆ తర్వాతే రాత: ప్రశ్న, దొరికినవి, ఆధారాలు, ఇంకా తేలనిది. పేజీన్నర చాలు. ఇదంతా తేలిగ్గా జరగలేదు. ఇద్దరు ముగ్గురికి చదవడమే కష్టం. వాళ్లు బొమ్మలు గీసి, నోటితో చెబితే పక్కవాళ్లు రాశారు. ఆరు వారాలకు అందరి పనీ కలిపి వచ్చినవి తొమ్మిది రిపోర్టులే.

మీకేంటి లాభం?

చాట్‌బాట్ ఇప్పుడు నిమిషంలో ఇరవై పేజీలు ఇస్తుంది. అందులోని అంకె తప్పయితే వైవాలో నిలబడేది మీరే. అందుకే మీ ప్రాజెక్టు రిపోర్టుకూ ఆ మూడు గళ్లు గీయండి. రెండో గడి ఖాళీగా ఉన్న వాక్యాన్ని కొట్టేయండి, లేదా ఆధారం వెతకండి. రెజ్యూమెలో రాసే ప్రతి లైనుకూ ఇదే పరీక్ష.

నేర్పడం మీకు నచ్చితే దారులున్నాయి. కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ ఉంటే అక్కడే మొదలుపెట్టొచ్చు. ఏ డిగ్రీ అయినా పూర్తయ్యాక టీచ్ ఫర్ ఇండియా రెండేళ్ల ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయొచ్చు. ప్రభుత్వ ప్రాథమిక బడిలో ఎస్‌జీటీ కావాలంటే డీఎల్‌ఈడీ, టెట్, ఆపై డీఎస్సీ. 2023 ఆగస్టు నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత బీఈడీతో ఈ పోస్టులకు అర్హత లేదు. కోర్సులో చేరే ముందే ఇది చూసుకోండి.

అన్నట్టు, ఈ పేరాలో చెప్పిన అర్హతలను నోటిఫికేషన్‌లో ఇంకోసారి సరిచూసుకోండి. ‘ఎవరు చెప్పిండ్రు?’ అంటే ‘పేపర్లో వచ్చింది’ అన్నది ఒక టిక్కే. రెండోది మీరు పెట్టాలి.