పేరుకే రేడియం

ఆటో వెనక అంటించే ఎర్ర పట్టీని రేడియం అంటాం. పిల్లల కోసం గోడకు అంటించే నక్షత్రాలనీ రేడియమే అంటాం. ఫ్యాక్టరీ మెట్ల దగ్గర పచ్చగా మెరిసే బాణం గుర్తు కూడా మన నోట రేడియమే. నిజానికి ఈ మూడింటిలో దేంట్లోనూ రేడియం లేదు.

ఆటో పట్టీకి సొంత వెలుగే లేదు. వెనకొచ్చే లారీ లైటును వచ్చిన వైపుకే తిప్పి పంపుతుంది, అంతే. నక్షత్రాలు, బాణాల సంగతి వేరు. అవి వెలుగును దాచుకుంటాయి.

మన పేటల్లో కావేరి నీళ్లు రోజూ రావు కదా. వచ్చినప్పుడు డ్రమ్ముల్లో పట్టుకుని, రాని రోజు కొంచెం కొంచెం వాడుకుంటాం. ఆ పచ్చ పొడి చేసేదీ అదే. వెలుతురు పడగానే అందులోని ఎలక్ట్రాన్లు పైకి ఎగురుతాయి. కొన్ని వెంటనే దిగి వెలుగు ఇచ్చేస్తాయి. కొన్ని మాత్రం కనబడని గుంటల్లో చిక్కుకుంటాయి. గదిలో ఉండే మామూలు వేడే వాటిని ఒక్కొక్కటిగా బయటికి నెడుతుంది. బయటపడ్డ ప్రతిదీ కిందికి దిగుతూ చిటికెడు వెలుగు ఇస్తుంది. నమ్మకం లేకపోతే ఒక నక్షత్రాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి వేడినీళ్లలో పెట్టండి. బాగా వెలిగి తొందరగా ఆరిపోతుంది. ఫ్రిజ్‌లో పెడితే మందగిస్తుంది.

అన్నిటికీ ఈ గుంటలుండవు. మన సదాశివనగర్‌లో సి.వి. రామన్ 1948లో పెట్టిన పరిశోధనా సంస్థలో ఆయన సేకరించిన రాళ్ల మ్యూజియం ఉంది. చీకటి గదిలో కంటికి కనబడని అతినీలలోహిత కాంతి పడితే కొన్ని రాళ్లు రంగురంగులుగా మెరుస్తాయి. దీపం ఆపితే చాలావాటి మెరుపు అక్కడికక్కడే పోతుంది.

పాత బొమ్మల్లో జింక్ సల్ఫైడ్ వాడేవారు. అది కాసేపటికే మసకబారేది. 1990లలో జపాన్‌లోని నెమోటో కంపెనీ స్ట్రాన్షియం అల్యూమినేట్ పొడి తెచ్చింది. పాతదానికన్నా పదింతల వెలుగు, నిలకడ కూడా అంతే. ఇప్పటి బాణాల్లో ఎక్కువగా ఉండేది ఈ రకమే.

మరి రేడియం పేరెందుకొచ్చింది? క్యూరీ దంపతులు 1898లో కనుగొన్న ఆ లోహాన్ని ఒకప్పుడు గడియారాల రంగులో కలిపేవారు. దానికి వెలుతురు తాగించే పనిలేదు, రాత్రింబవళ్లు వెలిగేది. అమెరికాలో న్యూజెర్సీ ఆరెంజ్ ఊళ్లో ఆడపిల్లలు పీస్ రేటు మీద గడియారాల అంకెలు దిద్దేవారు. కుంచె మొన తేలేందుకు పెదాలతో సన్నం చేసుకోమనేవారు, ప్రమాదమేమీ లేదనేవారు. దవడ ఎముకలు కుళ్లి చాలామంది చనిపోయారు. అయిదుగురు కోర్టుకెక్కితే 1928లో కంపెనీ రాజీకొచ్చి డబ్బు కట్టింది. మన గార్మెంట్స్ అక్కచెల్లెళ్లకు ఈ కథ వేరే ఊరిదిలా అనిపించదు. పాత రేడియం గడియారం వెలగడం మానేసినా అందులో విషం అలాగే ఉంటుంది. ఇంట్లో ఉంటే విప్పకండి.

ఇప్పుడు బాణం దగ్గరికొద్దాం. 2010 ఫిబ్రవరి 23న ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డులోని కార్ల్‌టన్ టవర్స్‌లో నిప్పంటుకుంది. మెట్లదారి పొగతో నిండిపోయింది. తొమ్మిదిమంది పోయారు. పొగ ముందు పైకప్పు పడుతుంది కాబట్టి, అలాంటప్పుడు నేలకు దగ్గరగా ఉన్న గుర్తే కంటికి ఆనుతుంది.

అయితే కడుపు నిండని బాణం వెలగదు. కరెంటు మిగులుతుందని మెట్ల ట్యూబ్‌లైటు ఆపేస్తారు. బాణం ముందు బట్టల మూటలు పేరుస్తారు. దూది దుమ్ము, నూనె మరక దాని మొహం కప్పేస్తాయి. గోడ మీద గుర్తుందిగా అని తనిఖీ కాగితంలో టిక్కు మాత్రం పడుతుంది. ఎర్ర దీపం కింద పెట్టినా లాభం లేదు, దాన్ని నింపడానికి తెల్ల వెలుగో ఎండో కావాలి.

నైట్ షిఫ్టులో సూపర్‌వైజర్‌కు చెప్పి, మెషిన్లు ఆగి ఉన్నప్పుడు ఒక్క నిమిషం మెట్ల లైట్లు ఆపించి చూడండి. బాణం కనబడకపోతే గుడ్డతో తుడవండి, అడ్డం తీయించండి. అప్పటికీ కనబడకపోతే బాణం మార్చమని, మెట్ల లైటు ఎప్పుడూ వెలిగించి ఉంచమని సేఫ్టీ కమిటీకి రాసివ్వండి. ఆ కాగితం నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.