అర్చనలో పలికే నక్షత్రాన్ని ఆకాశంలో దర్శిద్దాం



ఆలయంలో అర్చన చేయించుకొనేటప్పుడు అర్చకస్వామి మనలను అడిగేవి ముఖ్యంగా మూడు: గోత్రం, నక్షత్రం, నామధేయం. ఈ మూడింటినీ మనం తడుముకోకుండా చెబుతాము. మాటలు వచ్చీరాని పిల్లలకు సైతం నేర్పుతాము. అయితే “మీది కృత్తికా నక్షత్రం అన్నారు కదా, అది ఆకాశంలో ఏ దిక్కున, ఏ మాసంలో కనిపిస్తుంది?” అని ఎవరైనా అడిగితే మనలో చాలామంది మౌనం వహించవలసి వస్తుంది. జీవితమంతా పేరు పలికి, ఒక్కసారైనా ముఖం చూడని బంధువు వంటిదైపోయింది మన జన్మనక్షత్రం. ఆ దర్శనం ఏమంత కష్టసాధ్యం కాదని తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను బాల్యంలో గురుముఖతః కావ్యాలతో పాటు కొంత సిద్ధాంత జ్యోతిషం చదువుకొన్నాను. ఉద్యోగకాలమంతా సంస్కృతం బోధించాను. విరమణ అనంతరం మా పట్టణంలో ఆకాశాన్ని పరిశీలించే ఒక చిన్న బృందంతో పరిచయం కలిగింది. అందులో ఉపాధ్యాయులు, విద్యార్థులు, ఒక మందుల దుకాణం యజమాని, ఇద్దరు ముగ్గురు గృహిణులు ఉన్నారు. ఎవరికీ ఇది జీవనోపాధి కాదు, కేవలం ఇష్టం. ఇటువంటివారిని ఔత్సాహిక ఖగోళ పరిశీలకులు అంటారు. మన దేశంలో ఇటువంటి సంఘాలలో మొదటిదిగా చెప్పదగిన పుణె నగరపు జ్యోతిర్విద్యా పరిసంస్థ 1944లో ఏర్పడింది. మా బృందం ప్రతి మాసంలోనూ అమావాస్యకు దగ్గరి శనివారం రాత్రి ఊరికి దూరంగా ఒక మామిడితోటలో కలుస్తుంది.

జన్మనక్షత్రం అంటే ఏమిటి?

చంద్రుడు నక్షత్రాల మధ్యగా ఆకాశాన్ని ఒకసారి చుట్టి రావడానికి సుమారు 27.3 రోజులు పడుతుంది. అందుచేత పూర్వులు ఆ మార్గాన్ని 27 భాగాలుగా విభజించారు. ఒక్కొక్క భాగం 13 డిగ్రీల 20 నిమిషాలు. ప్రతి భాగానికీ ఆ ప్రాంతంలోని ఒక తారను గాని, తారల గుంపును గాని గుర్తుగా నిలిపారు. దానినే యోగతార అంటారు. మనం పుట్టిన సమయంలో చంద్రుడు ఏ భాగంలో ఉన్నాడో అది మన జన్మనక్షత్రం.

ఇది తెలిస్తే వెదికే మార్గం కూడా తెలిసినట్లే. పంచాంగంలో గాని, గోడ క్యాలెండరులో గాని మీ నక్షత్రం ఉన్న రోజు చూడండి. ఆ రాత్రి చంద్రుడే మీకు దారి చూపుతాడు. మీ తార ఆ పరిసరాలలోనే ఉంటుంది. విదియనాటి నెలవంకను చూపడానికి ముందుగా చెట్టుకొమ్మను చూపడాన్ని మన శాస్త్రాలలో శాఖాచంద్ర న్యాయం అంటారు. ఇక్కడ చంద్రుడే కొమ్మ అవుతున్నాడు.

చేయి పూర్తిగా చాచి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి వెడల్పు ఆకాశంలో సుమారు పది డిగ్రీలు. ఈరోజు ఒక తార పక్కన ఉన్న చంద్రుడు రేపు అదే వేళకు దాని నుండి పిడికిలి కన్న కొంచెం ఎక్కువ దూరం తూర్పుగా జరిగి ఉంటాడు. రెండు రాత్రులు వరుసగా చూస్తే చాలు, నక్షత్రం రోజుకొకటి ఎందుకు మారుతుందో కంటికే తెలుస్తుంది.

అన్ని తారలూ చంద్రుని దారిలోనే ఉండవు. రోహిణి, మఖ, చిత్త, జ్యేష్ఠ దారికి చేరువగా ఉంటాయి. స్వాతి, శ్రవణం చాలా ఉత్తరంగా ఉంటాయి. ఆ నక్షత్రాలవారు చంద్రునికి ఉత్తరంగా దాదాపు మూడు పిడికిళ్ల దూరం వెదకాలి.

మాసాల పేర్లు, కార్తెలు

పౌర్ణమినాడు చంద్రుడు ఏ నక్షత్రంతో కూడి ఉంటాడో దానిని బట్టే మాసానికి పేరు. చిత్తతో చైత్రం, విశాఖతో వైశాఖం, కృత్తికతో కార్తికం, మృగశిరతో మార్గశిరం. కార్తిక పౌర్ణమినాడు మనం దీపాలు వెలిగించే వేళకు తూర్పున చంద్రునితో పాటు కృత్తికలు కూడా ఉదయిస్తూ ఉంటాయి. నిండు వెన్నెలలో అవి స్పష్టంగా కనిపించవు. నాలుగైదు రోజులు ఆగితే చంద్రోదయం ఆలస్యమవుతుంది. అప్పుడు రాత్రి ఎనిమిది గంటలకు తూర్పున చూడండి. మన పల్లెలలో పిల్లలకోడి అని పిలిచే చిన్న తారల గుంపు కనిపిస్తుంది. మామూలు కంటికి ఆరు తారలు. కుమారస్వామికి పాలిచ్చిన ఆరుగురు తల్లులు. బైనాక్యులరులో చూస్తే పదుల సంఖ్యలో తారలు.

రైతు చెప్పే కార్తెది వేరే లెక్క. అది సూర్యుడు ఉన్న నక్షత్రం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని అంటారు. ఆ రోజులలో రోహిణీతార మనకు కనిపించదు, సూర్యుని వెలుగులో మరుగున పడి ఉంటుంది. ఆరు మాసాల తరువాత, నవంబరు చివరలో, అదే రోహిణి సాయంత్రం ఉదయించి రాత్రంతా ఎర్రగా వెలుగుతుంది. అంటే కార్తె పేరు వినగానే ఆ తార ఎప్పుడు దాగి ఉంటుందో, ఎప్పుడు రాత్రంతా కనిపిస్తుందో రెండూ తెలుసుకోవచ్చును.

ధనుర్మాసపు వేకువ

యాత్రికులకు ఒక గొప్ప సౌకర్యం ఉన్నది. ధనుర్మాసంలో తెల్లవారుజామున నాలుగున్నర, ఐదు గంటలకు మీరు దర్శనం వరుసలో నిలుచొని ఉంటారు. మంచు లేకపోతే ఆకాశంలో అంతకన్న మంచి వేళ దొరకదు. తల పైకెత్తితే దాదాపు నడినెత్తిన మఖ. ఉత్తరాన సప్తర్షి మండలం. దాని తోకలో చివరినుండి రెండవ తార వసిష్ఠుడు. అతని పక్కనే అంటిపెట్టుకొని ఉన్న చిన్న తార అరుంధతి. చూపు బాగున్నవారికి ఇద్దరూ విడివిడిగా కనిపిస్తారు. ఆ తోక వంపును అలాగే ముందుకు పొడిగిస్తూ పోతే తూర్పువైపు నారింజ వర్ణపు స్వాతి. ఇంకా పొడిగిస్తే ఆగ్నేయంగా తెల్లని చిత్త. చిత్తకు కుడివైపున, కొంచెం దక్షిణంగా, అరచేతి వేళ్లవలె ఐదు తారలు హస్త. వరుస కదిలేలోపు నాలుగు నక్షత్రాలు, ఏడుగురు ఋషులు, ఒక పతివ్రత దర్శనమిస్తారు.

వివాహంలో అరుంధతీ దర్శనం చేయించేటప్పుడు ఆకాశంలో ఆమె నిజంగా ఉండే సమయం తెలిసి ఉంటే ఎంత బాగుంటుంది! చైత్ర, వైశాఖ, జ్యేష్ఠ మాసాలలో రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటలకు ఉత్తరాన ఆమె చక్కగా కనిపిస్తుంది. పగటి ముహూర్తమైనా, ఆ రాత్రి వధూవరులను డాబామీదికి తీసుకువెళ్లి చూపవచ్చును.

మామిడితోటలో ఏమి చేస్తారు?

మొదట అరగంట ఏమీ చేయరు. చీకటికి కన్ను అలవాటు పడడానికి అంత సమయం పడుతుంది. సెల్‌ఫోన్లు లోపల పెట్టేస్తారు. దారి చూడడానికి టార్చిలైటుకు ఎర్రకాగితం చుట్టి వాడతారు. మంద్రమైన ఎర్రని వెలుగు చీకటికి అలవాటైన చూపును అంతగా చెడగొట్టదు. తరువాత చిన్న టెలిస్కోపు అమరుస్తారు. గురుగ్రహం పక్కన నాలుగు చుక్కలు ఒకే గీతలో కనిపిస్తాయి. 1610లో గెలీలియో చూసిన చంద్రులు అవే. కొన్ని గంటలు గడిస్తే వాటి స్థానాలు మారినట్లు తెలిసిపోతుంది. శనిగ్రహానికి ఉన్న వలయాన్ని చూసినవారు మొదట నమ్మరు. అద్దానికి బొమ్మ అంటించారేమోనని గొట్టం ముందుకు వెళ్లి చూసినవారు కూడా ఉన్నారు.

ఒకసారి ఒక విశ్రాంత ఉద్యోగి మాతో వచ్చారు. వారిది కృత్తిక. బైనాక్యులరు కళ్లకు ఆనించుకొని చాలాసేపు దించలేదు. “పంతులుగారూ, అరవై ఏళ్లుగా ఈ పేరు చెప్పుకుంటున్నాను. ఇంత అందమైనదని ఎవరూ చెప్పలేదండీ” అన్నారు. ఆ మాట విన్న రాత్రి నాకు గ్రంథపాఠం వేరు, దర్శనం వేరు అని మరింత బలంగా అనిపించింది.

ఇది వినోదం మాత్రమే కాదు. మిథునరాశిలో చెప్పే ఆర్ద్రానక్షత్రం ఎర్రని పెద్ద తార. 2019 చివరినుండి అది క్రమంగా మందగించింది. 2020 ఫిబ్రవరి నాటికి మామూలు కాంతిలో సుమారు మూడో వంతుకు తగ్గిపోయింది. ప్రపంచమంతటా ఔత్సాహికులు దానిని రాత్రి వెంట రాత్రి రోహిణితోనూ, ఇతర తారలతోనూ పోల్చి కాంతి లెక్క వ్రాసి పంపారు. ఆ తార తననుండి వెలువరించిన ధూళిమేఘమే దానిని కొంత కప్పివేసిందని తరువాత శాస్త్రజ్ఞులు తేల్చారు. కొద్ది మాసాలలో అది తిరిగి వెలిగింది. ఆ లెక్కలకు కావలసినవి మంచి కన్ను, ఓపిక మాత్రమే.

ఒక హెచ్చరిక. సూర్యుణ్ణి, గ్రహణ సమయంలోనైనా సరే, ఆ పనికై చేసిన ప్రత్యేక వడపోత అద్దం లేకుండా కంటితో గాని, బైనాక్యులరుతో గాని ఎన్నడూ చూడరాదు. చూపు శాశ్వతంగా పోవచ్చును.

చూచి సరిచేసిన మహనీయులు

ఆకాశాన్ని చూడడం ఆధునికుల అలవాటనీ, మన సంప్రదాయం లెక్కలకే పరిమితమనీ కొందరి భావన. అది సరి కాదు. గణితం చెప్పిన చోట గ్రహం కనిపించాలి. దానినే దృక్తుల్యత అన్నారు. కేరళలో పరమేశ్వరుడు దశాబ్దాలపాటు గ్రహణాలను స్వయంగా పరిశీలించి 1431లో ‘దృగ్గణితం’ రచించాడు.

ఒడిశాలోని ఖండపడా సంస్థానంలో 1835లో జన్మించిన సామంత చంద్రశేఖరుల చరిత్ర భక్తులందరికీ తెలియవలసినది. పాత గ్రంథాల లెక్క ప్రకారం గ్రహాలు ఉండవలసిన చోట లేవని ఆయన బాల్యంలోనే గమనించారు. వెదురుతోనూ, కర్రతోనూ తానే యంత్రాలు చేసుకొని, టెలిస్కోపు సహాయం లేకుండా ఏళ్ల తరబడి ఆకాశాన్ని కొలిచారు. ఆ ఫలితాలను ‘సిద్ధాంతదర్పణం’ అనే సంస్కృత గ్రంథంగా తాళపత్రాలపై వ్రాశారు. 1899లో అది కలకత్తాలో అచ్చయింది. పూరీ జగన్నాథుని సేవల సమయాలకు ఆయన గణితం ఆధారమైంది. ఒక మహాలయపు నిత్యకైంకర్యం వెనుక వెదురు యంత్రం పట్టుకొని రాత్రులు మేల్కొన్న ఒక మనిషి ఉన్నారన్నమాట.

మన తెలుగునాట విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు గారు 1840లో సొంత ఖర్చుతో వేధశాల నెలకొల్పారు. వారి అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దానిని కొనసాగించి, 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటిన ఘట్టాన్ని పరిశీలించారు. ఇద్దరూ ఔత్సాహికులే.

దాతలకు ఒక మనవి

చీకటి ఆకాశంలో ఒక్కసారిగా రెండు మూడు వేల తారలు మామూలు కంటికి కనిపిస్తాయి. నగరం నడుమ నిలుచుంటే పట్టుమని వంద కనిపించడం కష్టం. తారలు ఎక్కడికీ పోలేదు. మన దీపాల వెలుగు పైకి ఎగజిమ్మి వాటిని కప్పివేసింది. ఈ దోషంలో ఆలయాలకు కూడా కొంత పాలు ఉన్నది. భక్తితో ఇచ్చిన పెద్ద విద్యుద్దీపాలు గోపురాన్ని దాటి ఆకాశంలోకి వెలుగు పోస్తున్నాయి. ఆ వెలుగు స్వామికీ అందదు, యాత్రికునికీ అందదు.

లడఖ్‌లోని హాన్లే వద్ద 1,073 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని 2022లో చీకటి ఆకాశపు రక్షితప్రాంతంగా ప్రకటించారు. అక్కడ ప్రాచీనమైన బౌద్ధారామం కూడా ఉన్నది. దీపాల వెలుగు పైకి పోకుండా చూడడంలో అక్కడి గ్రామస్థులు పాలు పంచుకొంటున్నారు. వారిలో కొందరు శిక్షణ పొంది యాత్రికులకు తారలను చూపుతున్నారు. మనకు అంత విశాలమైన ఏర్పాటు అవసరం లేదు. దీపదానం చేసే దాతలు దీపంతో పాటు దానిపై ఒక కప్పు కూడా ఇవ్వండి. వెలుగు మెట్లమీద, దారిమీద పడనీయండి. ఏకాంతసేవ ముగిసిన తరువాత సుప్రభాతం వరకు, భద్రతకు అవసరమైన దీపాలు తప్ప, గోపురంపై అలంకార దీపాలు ఆర్పవచ్చునేమో నిర్వాహకులు ఆలోచించ ప్రార్థన. విద్యుత్తు ఖర్చు కూడా తగ్గుతుంది. ఇంకా శక్తి ఉన్నవారు తమ ఊరి పాఠశాలకు ఒక మంచి బైనాక్యులరు ఇవ్వండి. అది ఎందరో పిల్లల కళ్లకు చేరుతుంది.

ఇక మీరు చేయవలసినది ఒక్కటే. ఈ మాసపు పంచాంగంలో మీ ఇంటిలో ప్రతి ఒక్కరి నక్షత్రమూ ఏనాడు వస్తుందో గుర్తు పెట్టుకోండి. ఆ రాత్రి పదినిమిషాలు పిల్లలతో డాబామీద గడపండి. మబ్బు అడ్డమైతే ఇరవయ్యేడు రోజుల తరువాత చంద్రుడు మళ్లీ అక్కడికే వస్తాడు. మీ తార సూర్యుని చెంత దాగిన మాసమైతే కొంతకాలం ఓపిక పట్టండి, తెల్లవారుజామున తూర్పున అదే పైకి వస్తుంది.

స్వస్తి.