మృగశిరకు ముందు ఒక్కరోజు ఇంటికి

యాసంగి వడ్లు అమ్ముడుపోయాయి. వానకాలం నారుమడికి ఇంకా కొన్ని రోజులున్నాయి. 1931లో పూర్తయిన నిజాంసాగర్ కాలువల కింద వరి పండించే బాన్సువాడ రైతుకు ఏడాదిలో కాస్త తీరిక దొరికేది ఈ నడుమనే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలోనే గోడల్లో తడి ఆరుతుంది, మట్టి పూత గట్టిపడుతుంది. జూన్ 8 ప్రాంతంలో మృగశిర వచ్చిందంటే వాన ఏ రోజు పడేదీ చెప్పలేం. కనుక ఒక్కరోజు పొలం పని పక్కనపెట్టి ఇల్లు చూసుకోండి.

ఇది సేద్యం పని కాదనుకోవద్దు. చిన్న రైతుకు వేరే గోదాం ఉండదు. విత్తన వడ్లు, ఎరువు బస్తాలు, పాసు పుస్తకం, పిల్లాజెల్లా అందరూ ఒకే కప్పు కింద ఉంటారు. 2025 ఆగస్టు 27, 28 తేదీల్లో కామారెడ్డి జిల్లాలో ఒకచోట ఒక్క రోజులోనే 40 సెంటీమీటర్లకు మించి వాన కురిసింది. అంత వానను ఆపడం మన చేతిలో లేదు. కానీ మామూలు ముసురుకే కారే కప్పును, నానే గోడను ముందే సరిచేసుకోవడం మన చేతిలోని పనే.

ముందురోజే సిద్ధం

ఎర్రమట్టిలో వరి పొట్టు, కొంచెం పెండ కలిపి నీళ్లు పోసి రాత్రంతా నాననివ్వాలి. నాలుగు గూన పెంకులు, నిచ్చెన, రెండు పలకలు, సుత్తె, మొలలు దగ్గర పెట్టుకోవాలి. లేనివి బాన్సువాడ బజారులో ముందే తెచ్చుకుంటే పని నడుమ ఆగదు.

పొద్దుగాల పైకప్పు

పెంకులు కాలకముందే కప్పు పని ముగించాలి. మొదట ఇంట్లో నిలబడి తలుపులు మూసి పైకి చూడండి. వెలుతురు చుక్కలు కనిపించిన చోటల్లా నీళ్లు కారతాయి. ఆ చోటుకు సరిగ్గా కింద నేలమీద సుద్దతో గుర్తు పెట్టుకోండి. కోతులు తిరిగే ఊళ్లల్లో పెంకులు పగలకపోయినా పక్కకు జరిగి ఉంటాయి. వాటిని సర్దితే చాలు.

పెంకుల మీద నేరుగా కాలు పెట్టవద్దు. వాసాల మీద బరువు పడేటట్టు పలక పరచుకొని దానిమీద కూర్చోవాలి. చూరు నుంచి మొదలుపెట్టి కొప్పు వైపు పోవాలి. పై పెంకు కింది పెంకు మీదికి ఎక్కితేనే నీరు జారిపోతుంది. వాసాలను సుత్తెతో తట్టి చూడండి. డొల్ల చప్పుడు వస్తే లోపల చెదలు తిన్నట్టే. ఆ వాసాన్ని మార్చాల్సిందే, దాని మీద కొత్త పెంకులు కప్పితే లాభం లేదు.

సిమెంటు రేకుల ఇల్లయితే బోల్టుల చుట్టూ చూడాలి. వాషరు ఎండి పగిలితే కారేది అక్కడే. పాత రేకు మీద నడిస్తే విరిగి కింద పడతాం. రేకు కోయాల్సి వస్తే నీళ్లు చల్లి, ముక్కుకు గుడ్డ కట్టుకొని కోయాలి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. స్లాబు ఇంటికి మొదటి పని నీళ్లు పోయే గొట్టంలో చెత్త తీయడం.

ఎండ ఎక్కాక గోడలు

మట్టిగోడ ముందుగా పాడయ్యేది పాదం దగ్గర. చూరు నీళ్లు పడి, చింది, అడుగు కొరుక్కుపోతుంది. వదులు మట్టిని గీకేసి, గోడను తడిపి, నానిన మట్టిని పొరలు పొరలుగా మెత్తాలి. ఒకేసారి మందంగా మెత్తితే ఆరేటప్పుడు ఊడిపోతుంది. మట్టిగోడకు సిమెంటు పూత పెట్టవద్దు. అది మట్టిని పట్టుకోదు, లోపలి తడిని బయటకు పోనివ్వదు. పైకి గట్టిగా కనిపిస్తూ లోపల గోడ నానిపోతుంది.

రేగడి నేల ఎండకు కుంచించుకుపోయి వానకు ఉబ్బుతుంది. అందువల్ల దానిమీది గోడలకు పగుళ్లు వస్తాయి. పగులుకు అడ్డంగా బెత్తెడు సున్నం పట్టీ వేసి పక్కన తేదీ రాయండి. కొన్నాళ్లలో ఆ పట్టీ కూడా చీలితే గోడ ఇంకా కదులుతున్నట్టు లెక్క. అప్పుడు సుతారిని పిలవాలి. పక్కకు ఒరిగిన గోడ దగ్గర మంచం వేయవద్దు, పశువును కట్టవద్దు.

గోడ చుట్టూ నీరు నిలవకుండా వాలుగా మట్టి పోసి చిన్న కాలువ తీయండి. వంటచెరకు గోడకు ఆనించి పేర్చితే చెదలకు దారి ఇచ్చినట్టే.

మధ్యాహ్నం నీడపట్టున

ఈ వేళ గింజ దాచే చోటు చూసుకోవాలి. ఎలుక బొక్కలను గాజు పెంకులు, కంకర కలిపిన సిమెంటుతో పూడ్చాలి. ఖాళీ గోనె సంచులను తిరగేసి దులిపి ఎండబెట్టాలి. విత్తన వడ్లలో తేమ 12 శాతం దాటకూడదు. బస్తాలను నేలమీద కాక చెక్కల మీద, గోడకు జానెడు ఎడంగా పేర్చాలి. యూరియా గాలిలోని తేమను పీల్చుకుంటుంది, దాన్ని విత్తనాల పక్కన ఉంచవద్దు.

వడ్లకు పురుగు పట్టకుండా కొందరు మనుషులు పడుకునే ఇంట్లోనే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు పెడతారు. ఇది ప్రాణం తీసే పని. ఆ బిళ్లల నుంచి వచ్చే వాయువు నిద్రలోనే చంపుతుంది. ఇంట్లో వాటిని ఎట్టి పరిస్థితుల్లో వాడవద్దు. పురుగుమందు డబ్బాలు పిల్లలకు అందకుండా తాళం వేసిన చోట ఉండాలి.

పొద్దు వాలినంక కరెంటు

వానకాలంలో ఇంట్లో పొంచి ఉండే ముప్పు కరెంటు. బట్టలు ఆరేసే ఇనుప తీగకు సర్వీసు వైరు తగిలి, దాని పూత అరిగితే, తడిబట్ట ఆరేసిన ఇల్లాలికే షాక్ కొడుతుంది. ఈ సాయంత్రమే ఇనుప దండెం విప్పేసి నైలాన్ తాడు కట్టండి. రేకుల కొట్టానికి వైరు ఆనకుండా చూడండి. ఎర్తింగ్ గుంతలో బొగ్గు, ఉప్పు వేసి నీళ్లు పోయండి. వైరు అతుకులు, మీటరు, స్తంభం జోలికి మాత్రం మీరు పోవద్దు. ఆ పని తెలిసినవాళ్లకే అప్పగించాలి.

చివరగా పాసు పుస్తకం, బ్యాంకు కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవరులో చుట్టి రేకు పెట్టెలో, ఎత్తున పెట్టండి.

ఒక్కరోజులో అన్నీ కాకపోవచ్చు. చేతిలో డబ్బు లేకపోతే ముందు దండెం, ఒరిగిన గోడ, ఆ తర్వాత విత్తనాల పైన కారే చోటు చూసుకోండి. జాజు పూత, ముగ్గులు పండుగకు వేసుకోవచ్చు. ఇంటిల్లిపాదీ తలో చెయ్యి వేస్తే కూలి ఖర్చు మిగులుతుంది, మొదటి వానకు గిన్నెలు పట్టుకొని ఇల్లంతా తిరిగే బాధ తప్పుతుంది.